రీబూట్ తర్వాతా నిలిచే మెమరీ సెట్టింగులు: లినక్స్ సర్వర్ చూసేవారికి ఒక కరదీపిక

అర్ధరాత్రి కరెంటు పోయిందనుకోండి. యూపీఎస్ కాసేపు ఆదుకుంది, తర్వాత అదీ ఆగిపోయింది. కరెంటు వచ్చాక సర్వర్ తనంతట తానే లేచింది. కానీ దాని మీద నడిచే డేటాబేస్ మాత్రం లేవలేదు. నాలుగు నెలలుగా ఒక్కరోజు కూడా మొరాయించని డేటాబేస్ అది. ఈ మధ్య ఎవరూ ఏమీ మార్చలేదు. మరి ఏమైంది?

చాలాసార్లు అసలు సంగతి ఇది. నాలుగు నెలల క్రితం ఎవరో ఒక ఆదేశంతో కెర్నెల్ మెమరీ సెట్టింగు మార్చారు. పని జరిగింది, హాయిగా వెళ్ళిపోయారు. ఆ మార్పును ఫైలులో రాయలేదు. రీబూట్ అయ్యేదాకా అది బతికింది, రీబూట్‌తో పోయింది. మాట పడేది మాత్రం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త కుర్రాడు.

మన ఇళ్ళలో లినక్స్ నేర్చుకుంటున్న పిల్లలు, నైట్ షిఫ్టుల్లో సర్వర్లు చూసుకుంటున్నవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఈ విషయం వారికి ఒకేచోట దొరకాలని ఈ వ్యాసం. చదివి పక్కన పెట్టుకోండి, అవసరమైనప్పుడు తీసి చూసుకోండి.

ఒక చిన్న మాట. ఆదేశాలను ఫోన్లో ఒకరికొకరు చెప్పుకునేటట్టు తెలుగు అక్షరాల్లోనే రాశాం. చుక్క, గీత, సమానం గుర్తు వంటివి ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. తరచూ వచ్చే మాట సిస్‌సీటీఎల్. అది సిస్టమ్ కంట్రోల్‌కు పొట్టి పేరు. ఎస్, వై, ఎస్, సీ, టీ, ఎల్ అని కలిపి కొట్టాలి.

సెట్టింగు ఎందుకు పోతుంది?

లినక్స్ కెర్నెల్ తన సెట్టింగులను /ప్రాక్/సిస్ అనే చోట ఫైళ్ళలా చూపిస్తుంది. చూడటానికి ఫైళ్ళే, కానీ అవి డిస్కు మీద లేవు. కెర్నెల్ తన మెమరీలో ఉన్న విలువలను మనకు అలా చూపిస్తుందంతే. అక్కడ ఏం రాసినా అది నడుస్తున్న కెర్నెల్‌కు నోటిమాటగా చెప్పినట్టే. మెషీన్ ఆగితే ఆ మాట కూడా పోతుంది. కొత్తగా లేచిన కెర్నెల్ తన డిఫాల్ట్ విలువలతోనే మొదలవుతుంది.

అందుకే ప్రతి సెట్టింగుకూ రెండు బతుకులు ఉంటాయి. ఒకటి ఇప్పుడు నడుస్తున్న విలువ. రెండోది ఫైలులో రాసి ఉన్న విలువ. ఈ రెండూ ఒకటే అని మనం అనుకుంటాం. అవి వేరైన సంగతి రీబూట్ రోజే బయటపడుతుంది.

మూడు మెట్లు: చూడండి, ప్రయత్నించండి, రాయండి

మొదటి మెట్టు, ఇప్పుడున్న విలువ చూడటం. స్వాప్ గురించి చూడాలంటే ఇలా:

సిస్‌సీటీఎల్ వీఎం.స్వాపీనెస్

వచ్చిన విలువను ఒక కాగితం మీద రాసుకోండి. తేడా వస్తే వెనక్కి వెళ్ళడానికి అదే దారి.

రెండో మెట్టు, తాత్కాలికంగా మార్చి చూడటం:

సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ వీఎం.స్వాపీనెస్=10

ఇది వెంటనే పనిచేస్తుంది. నిలవదు. నిలవకపోవడం ఇక్కడ మేలే, తప్పు విలువ ఇచ్చినా రీబూట్‌తో పాత స్థితికి వచ్చేస్తుంది. ఒకటి రెండు రోజులు సర్వర్ ఎలా నడుస్తుందో గమనించండి.

మూడో మెట్టు, ఫైలులో రాయడం. /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ/ అనే డైరెక్టరీలో మీ సొంత ఫైలు ఒకటి పెట్టండి. పేరు 90-మెమరీ.కాన్ఫ్ అనుకుందాం. అందులో ఇలా రాయండి:

# డేటాబేస్ స్వాప్‌లోకి పోకుండా. డిఫాల్ట్ 60.
వీఎం.స్వాపీనెస్ = 10

హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసను కంప్యూటర్ చదవదు, అది మనుషుల కోసం. ఎందుకు మార్చామో, అంతకు ముందు ఎంత ఉందో, ఏ తేదీన మార్చామో అక్కడ రాయండి. తర్వాత ఈ ఆదేశం ఇవ్వండి:

సుడో సిస్‌సీటీఎల్ --సిస్టమ్

ఇది సెట్టింగు ఫైళ్ళన్నింటినీ చదివి, దేన్ని ఎక్కడి నుంచి తీసుకున్నదీ తెర మీద చూపిస్తుంది. పేరు రాయడంలో తప్పుంటే ఇక్కడే తెలిసిపోతుంది. సిస్‌సీటీఎల్ -పీ అనే పాత అలవాటు చాలామందికి ఉంది. ఫైలు పేరు చెప్పకపోతే అది /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్ ఒక్కదాన్నే చదువుతుంది. మీ కొత్త ఫైలును ముట్టుకోదు.

ఏ ఫైలు మాట నెగ్గుతుంది?

ఈ రోజుల్లో ఎక్కువ సర్వర్లలో బూట్ సమయంలో ఈ పని చేసేది సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్ అనే సర్వీసు. అది /ఈటీసీ/, /రన్/, /యూఎస్ఆర్/లిబ్/ కింద ఉన్న సిస్‌సీటీఎల్.డీ డైరెక్టరీలన్నీ వెతుకుతుంది. దొరికిన ఫైళ్ళను, అవి ఏ డైరెక్టరీలో ఉన్నా సరే, పేర్ల వరుసలో పేర్చి చదువుతుంది. ఒకే సెట్టింగు రెండు ఫైళ్ళలో ఉంటే వరుసలో తర్వాత వచ్చే ఫైలు మాటే చెల్లుతుంది. మీరు 50తో మొదలయ్యే ఫైలులో 10 అని రాసి, ఇంకొకరు 99తో మొదలయ్యే ఫైలులో 60 అని రాసి ఉంటే, లేచేటప్పటికి 60 ఉంటుంది. ఫైలు పేరుకు ముందు అంకె పెట్టడం ఇందుకే.

రెండు చోట్ల ఒకే పేరుతో ఫైలుంటే /ఈటీసీ/లో ఉన్నదే చెల్లుతుంది, రెండోదాన్ని అసలు చదవదు. /యూఎస్ఆర్/లిబ్/లో ఉన్నవి ప్యాకేజీల సొంతం, వాటిని దిద్దకండి. అప్‌డేట్ వస్తే మీ మార్పు చెరిగిపోతుంది.

ఇక్కడ ఒక కొత్త చిక్కు ఉంది. సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్ తనంతట తాను /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్ ఫైలును చదవదు. చాలా డిస్ట్రిబ్యూషన్లలో 99-సిస్‌సీటీఎల్.కాన్ఫ్ అనే లింకు ఉండి, దాని ద్వారా ఆ పాత ఫైలు కూడా లెక్కలోకి వచ్చేది. 2025లో వచ్చిన డెబియన్ 13లో ఈ ఏర్పాటు తీసేశారు. అందువల్ల డెబియన్ 12 నుంచి 13కు వెళ్ళిన సర్వర్‌లో, పాత ఫైలులో మీరు పదేళ్ళుగా దాచుకున్న సెట్టింగులు బూట్ సమయంలో అమలు కావు. చేత్తో సిస్‌సీటీఎల్ -పీ కొడితే మాత్రం అమలవుతాయి. కాబట్టి పరీక్షించిన మనిషికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అప్‌గ్రేడ్‌కు ముందే ఆ వరుసలను సిస్‌సీటీఎల్.డీ కింద ఉన్న ఫైలులోకి మార్చేయండి. ఆన్సిబుల్ వాడేవారు కూడా జాగ్రత్త. దాని సిస్‌సీటీఎల్ మాడ్యూల్‌కు ఫైలు పేరు చెప్పకపోతే ఆ పాత ఫైలులోనే రాస్తుంది.

రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన సర్వర్లలో ట్యూన్డ్ అనే సర్వీసు కూడా ఉంటుంది. ఎంచుకున్న ప్రొఫైల్‌ను బట్టి అది కూడా స్వాపీనెస్ వంటి విలువలు మారుస్తుంది. మీరు రాయని విలువ కనిపిస్తే ట్యూన్డ్-ఏడీఎం యాక్టివ్ అని కొట్టి ఏ ప్రొఫైల్ నడుస్తోందో చూడండి.

తరచూ అవసరమయ్యే సెట్టింగులు

వీఎం.స్వాపీనెస్. మెమరీ ఇరుకైనప్పుడు ప్రోగ్రాముల పేజీలను స్వాప్‌లోకి పంపడానికి కెర్నెల్ ఎంత మొగ్గు చూపాలో ఇది చెబుతుంది. డిఫాల్ట్ 60. డేటాబేస్ సర్వర్లలో 10 లేదా 1 పెట్టడం వాడుక. 0 పెడితే స్వాప్ పూర్తిగా ఆగిపోతుందనుకోవడం పొరపాటు. స్వాప్ వద్దనుకుంటే స్వాప్ఆఫ్ ఇచ్చి, /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ వరుస కూడా తీయాలి. అది తీయకపోతే రీబూట్ తర్వాత స్వాప్ మళ్ళీ వచ్చేస్తుంది.

కెర్నెల్.షమ్‌మ్యాక్స్, కెర్నెల్.షమ్‌ఆల్. ఇవి డేటాబేస్‌లు వాడే షేర్డ్ మెమరీకి హద్దులు. మొదటిదాని స్పెల్లింగు ఎస్, హెచ్, ఎం, ఎం, ఏ, ఎక్స్. రెండోదానిది ఎస్, హెచ్, ఎం, ఏ, ఎల్, ఎల్. షమ్‌మ్యాక్స్ అంటే ఒక్క ముక్క గరిష్ఠంగా ఎంత ఉండవచ్చో బైట్లలో. షమ్‌ఆల్ అంటే అన్నీ కలిపి ఎంతో పేజీలలో. ఈ కొలత తేడా దగ్గరే ఎక్కువమంది తడబడతారు. పేజీ 4096 బైట్లు అనుకుంటే, 8 జీబీకి షమ్‌మ్యాక్స్ 8589934592 అవుతుంది, షమ్‌ఆల్ 2097152 అవుతుంది. పేజీ ఎంతో గెట్‌కాన్ఫ్ ఆదేశం చెబుతుంది.

ఇంకో సంగతి. 2014లో వచ్చిన 3.16 కెర్నెల్‌కు ముందు షమ్‌మ్యాక్స్ డిఫాల్ట్ 32 ఎంబీ మాత్రమే. అందుకే పాత పుస్తకాలన్నీ దాన్ని పెంచమంటాయి. 3.16 నుంచి ఆ డిఫాల్ట్‌ను దాదాపు హద్దు లేనంత పెద్దది చేశారు. 2013లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.3 కూడా పెద్ద షేర్డ్ మెమరీ కోసం వేరే పద్ధతికి మారింది. అంటే పాత పుస్తకంలోని వరుసను కొత్త సర్వర్‌లో యథాతథంగా రాస్తే హద్దు పెరగదు, తగ్గుతుంది. ముందు ఇప్పుడున్న విలువ చూడమన్నది ఇందుకే.

వీఎం.ఓవర్‌కమిట్_మెమరీ. ప్రోగ్రాములు ఉన్న మెమరీ కంటే ఎక్కువ అడిగితే ఇవ్వాలా వద్దా అన్నది ఇది నిర్ణయిస్తుంది. 0 అంటే కెర్నెల్ తన అంచనా ప్రకారం ఇస్తుంది, ఇదే డిఫాల్ట్. 1 అంటే ఎంత అడిగినా ఇస్తుంది. 2 అంటే లెక్క కట్టి, హద్దు దాటితే ఇవ్వదు. రెడిస్ తన డేటాను డిస్కుకు దాచేటప్పుడు ఇబ్బంది రాకూడదని 1 పెట్టమంటుంది. మెమరీ చాలక కెర్నెల్ డేటాబేస్‌నే చంపేసే ప్రమాదం తగ్గాలంటే 2 పెట్టమని పోస్ట్‌గ్రెస్ పత్రాలు చెబుతాయి. ఒకే సర్వర్ మీద రెండూ ఉంటే ఎవరి మాట వినాలి? రెండు ఫైళ్ళలో రెండు విలువలు రాసి ఊరుకుంటే, ఆ నిర్ణయం ఫైలు పేరు చేతిలోకి పోతుంది. వాటిని వేర్వేరు మెషీన్లలో పెట్టడం మేలు, లేదా ఆలోచించి ఒక్కచోటే రాయాలి.

వీఎం.మ్యాక్స్_మ్యాప్_కౌంట్. ఒక ప్రోగ్రాముకు ఎన్ని మెమరీ మ్యాపులు ఉండవచ్చో చెప్పే హద్దు. కెర్నెల్ సొంత డిఫాల్ట్ 65530. ఎలాస్టిక్‌సెర్చ్‌కు కనీసం 262144 కావాలి. ప్రొడక్షన్ పద్ధతిలో అంతకు తక్కువ ఉంటే అది అసలు మొదలే కాదు. రీబూట్ తర్వాత సెర్చ్ లేవలేదంటే ముందుగా చూడవలసినది ఇదే.

వీఎం.ఎన్ఆర్_హ్యూజ్‌పేజెస్. మామూలు 4 కేబీ పేజీలకు బదులు పెద్ద పేజీలను ముందుగానే కేటాయించి ఉంచడం ఇది. ఎక్కువ సర్వర్లలో పెద్ద పేజీ 2 ఎంబీ. ఇక్కడ రాయాల్సింది పేజీల సంఖ్య, ఎంబీలు కాదు. 8 జీబీ కావాలంటే 4096. ఎంబీలు అనుకుని 8192 రాస్తే 16 జీబీ అడిగినట్టు. సర్వర్‌లో ఉన్నదే 16 జీబీ అయితే మిగతా ప్రోగ్రాములకు చోటే ఉండదు. కేటాయించిన పెద్ద పేజీలను వేరెవరూ వాడలేరు, అవి స్వాప్‌లోకీ పోవు.

సర్వర్ చాలాకాలం నడిచాక అడిగితే మెమరీ ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది. అడిగినన్ని పెద్ద పేజీలు దొరకకపోవచ్చు. /ప్రాక్/మెమ్‌ఇన్ఫోలో హ్యూజ్‌పేజెస్_టోటల్ అనే వరుస చూస్తే నిజంగా ఎన్ని దొరికాయో తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో హ్యూజ్_పేజెస్ డిఫాల్ట్ ట్రై. అంటే పెద్ద పేజీలు దొరక్కపోయినా సద్దు లేకుండా మామూలు పేజీలతో నడిచేస్తుంది. రీబూట్ తర్వాత డేటాబేస్ లేచింది కానీ మందకొడిగా ఉందంటే కారణం ఇక్కడ ఉండవచ్చు.

సిస్‌సీటీఎల్‌కు అందనివి

అన్ని మెమరీ సెట్టింగులూ సిస్‌సీటీఎల్ ఫైలులో ఒదగవు. ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ అలాంటిదే. పేరు కలిసినా పైన చెప్పినదీ ఇదీ వేరు. ఇది /సిస్/కెర్నెల్/ఎంఎం/ కింద ఉంటుంది. ఆల్వేస్, ఎంఅడ్వైజ్, నెవర్ అని మూడు విలువలు. ఎకో ఆదేశంతో నెవర్ అని రాస్తే వెంటనే మారుతుంది, రీబూట్‌తో పోతుంది. సిస్‌సీటీఎల్.డీలో రాసి నిలబెడదామన్నా కుదరదు.

దీన్ని నిలబెట్టాలంటే కెర్నెల్‌కు బూట్ వరుసలోనే చెప్పాలి. డెబియన్, ఉబుంటులలో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైలులో కెర్నెల్ వరుసకు ట్రాన్స్‌పరెంట్_హ్యూజ్‌పేజ్=నెవర్ అని చేర్చి, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. నడపడం మరిచిపోతే ఫైలులో ఉన్నా అమలు కాదు. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఇదే పనికి గ్రబీ అనే ఆదేశం ఉంది. రీబూట్ అయ్యాక /ప్రాక్/సీఎండీలైన్ చూస్తే మీ మాట కెర్నెల్ దాకా చేరిందో లేదో తెలుస్తుంది.

ఏ విలువ పెట్టాలన్నది మీ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను బట్టి చూసుకోండి. మాంగోడీబీ చాలాకాలం దీన్ని ఆపమని చెప్పింది, 8.0 వెర్షన్ నుంచి ఉంచమంటోంది. నిన్నటి సలహా ఇవాళ తలకిందులు కావచ్చు.

రెండోది మెమ్‌లాక్ హద్దు. ఒక ప్రోగ్రాము ఎంత మెమరీని కదలకుండా పట్టి ఉంచుకోవచ్చో ఇది చెబుతుంది. లాగిన్ అయ్యే యూజర్లకు /ఈటీసీ/సెక్యూరిటీ/లిమిట్స్.కాన్ఫ్‌లో రాస్తారు. కానీ సిస్టమ్‌డీ మొదలుపెట్టే సర్వీసులకు ఆ ఫైలు వర్తించదు. వాటికి సర్వీసు యూనిట్‌లో లిమిట్‌మెమ్‌లాక్ అని రాయాలి. చేత్తో మొదలుపెడితే డేటాబేస్ నడుస్తుంది, రీబూట్ తర్వాత తనంతట తాను మొదలైతే నడవదు. ఈ తికమకకు కారణం చాలాసార్లు ఇదే.

డాకర్ వాడేవారికి

వీఎంతో మొదలయ్యే సెట్టింగులు మెషీన్ మొత్తానికి ఒకటే. కంటైనర్‌కు విడిగా ఇవ్వడం కుదరదు. ఎలాస్టిక్‌సెర్చ్ కంటైనర్‌లో ఉన్నా మ్యాక్స్_మ్యాప్_కౌంట్ మాత్రం కింద ఉన్న హోస్ట్ మెషీన్ ఫైలులోనే రాయాలి. షమ్‌మ్యాక్స్, షమ్‌ఆల్ మాత్రం కంటైనర్‌కు విడిగా ఇవ్వవచ్చు. క్లౌడ్‌లో పాత ఇమేజ్ నుంచి కొత్త మెషీన్లు పుట్టించేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నడుస్తున్న మెషీన్‌లో ఫైలు రాస్తే సరిపోదు, ఆ ఫైలు ఇమేజ్‌లోనూ ఉండాలి.

రీబూట్ చేసి చూడనిదే పని పూర్తి కాదు

ఫైలు రాశాం, విలువ సరిగ్గానే కనిపిస్తోంది. ఇక్కడితో ఆగిపోతే సగం పనే అయినట్టు. ఆ విలువ ఫైలు నుంచి వచ్చిందా, మీరు చేత్తో కొట్టినది ఇంకా మిగిలి ఉందా అన్నది చూడగానే తెలియదు. రీబూట్ ఒక్కటే తేల్చి చెబుతుంది. కాబట్టి అందరికీ చెప్పి, బ్యాకప్ తీసుకుని, పని తక్కువగా ఉన్న వేళ చూసి మీరే రీబూట్ చేయండి. తర్వాత ఈ నాలుగూ చూడండి:

1. సిస్‌సీటీఎల్‌తో ప్రతి విలువనూ మళ్ళీ చదవండి. ఫైలులో రాసినదీ ఇదీ ఒకటేనా?

2. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్ అని కొట్టండి. తప్పులేమైనా చూపిస్తోందా?

3. హ్యూజ్ పేజీలు వాడితే మెమ్‌ఇన్ఫోలో అడిగినన్ని ఉన్నాయా?

4. డేటాబేస్, రెడిస్, సెర్చ్ మీరు చేయి పెట్టకుండానే లేచాయా?

తప్పు విలువ రాసి సర్వర్ లేవకపోతే?

నిలిచే సెట్టింగుకు ఈ చిక్కు కూడా ఉంది. మంచి విలువ నిలిచినట్టే చెడ్డ విలువా నిలుస్తుంది. హ్యూజ్ పేజీలు మరీ ఎక్కువ రాస్తే, లేచిన ప్రతిసారీ మెమరీ చాలక సర్వీసులు పడిపోతాయి.

కంగారు పడకండి. గ్రబ్ మెనూలో ఆ కెర్నెల్ మీద ఉండి ఇంగ్లీషు ఈ అక్షరం నొక్కండి. లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ఇది చేర్చి బూట్ చేయండి:

సిస్టమ్‌డీ.మాస్క్=సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్.సర్వీస్

ఆ ఒక్క బూట్‌కు సెట్టింగు ఫైళ్ళను చదివే సర్వీసు పక్కకు తప్పుకుంటుంది. కెర్నెల్ తన డిఫాల్ట్ విలువలతో లేస్తుంది. అప్పుడు ఫైలు దిద్ది మళ్ళీ రీబూట్ చేయండి. రెస్క్యూ పద్ధతిలో వెళ్ళినా ఈ సర్వీసు నడుస్తుంది, చెడ్డ విలువ అక్కడా వెంట వస్తుంది. అందుకే ఈ మాస్క్ దారి మేలు. క్లౌడ్ సర్వర్ అయితే కన్సోల్ నుంచి గ్రబ్ మెనూ దాకా చేరగలరో లేదో ముందే చూసి పెట్టుకోండి. అవసరం వచ్చాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

తరచూ అడిగే ప్రశ్నలు

సిస్‌సీటీఎల్.కాన్ఫ్‌లో రాయాలా, సిస్‌సీటీఎల్.డీలోనా? సిస్‌సీటీఎల్.డీలో, మీ సొంత ఫైలులో. ఎవరి మార్పులు వారివిగా విడిగా ఉంటాయి, తీసేయడమూ తేలిక.

ఆర్‌సీ.లోకల్‌లో ఆదేశం పెడితే చాలదా? కొన్నిచోట్ల పనిచేస్తుంది. కానీ అది బూట్ చివర్లో నడుస్తుంది. డేటాబేస్ అంతకు ముందే మొదలైతే ఆలస్యమైనట్టే. కొత్త డిస్ట్రిబ్యూషన్లలో ఆ ఫైలు ఉండకపోవచ్చు కూడా.

ఎవరు ఎక్కడ మార్చారో ఎలా కనిపెట్టాలి? గ్రెప్ -ఆర్ తో ఆ సెట్టింగు పేరును /ఈటీసీ/ లోనూ /యూఎస్ఆర్/లిబ్/సిస్‌సీటీఎల్.డీ లోనూ వెతకండి. రెండుచోట్ల దొరికితే చిక్కు అక్కడే ఉంది.

ఉన్న విలువ ఎక్కడా రాసి లేకపోతే? అది డిఫాల్ట్ అయినా కావాలి, ఎవరో చేత్తో మార్చినదైనా కావాలి. రీబూట్‌కు ముందే సుడో సిస్‌సీటీఎల్ -ఏ ఇచ్చి మొత్తం జాబితాను ఒక ఫైలులో దాచుకోండి. రీబూట్ తర్వాత ఇంకోసారి తీసి రెండూ పోల్చండి. ఏది పోయిందో తేలిపోతుంది.

కొత్తగా ఏదైనా సర్వర్ బాధ్యత మీకు అప్పగిస్తే ముందుగా చేయాల్సిన పని ఈ చివరిదే. మీకంటే ముందు పనిచేసినవారు ఏం మార్చారో చెప్పడానికి ఇప్పుడు వారు అక్కడ ఉండకపోవచ్చు. రేపు మీ స్థానంలో వచ్చేవారికి మాత్రం ఆ ఇబ్బంది రానివ్వకండి. ఫైలులో విలువ రాయండి, పక్కనే కారణం రాయండి, ఒకసారి రీబూట్ చేసి కళ్ళారా చూడండి. ఆ తర్వాత అర్ధరాత్రి కరెంటు పోయినా ఎవరి ఇంట్లోనూ ఫోన్ మోగదు.